వాషింగ్ మెషిన్ గరగర: మా ఇంట్లో రెండు నెలల పంచాయితీ

మా వాషింగ్ మెషిన్ 2017 దసరాకి కొన్నాం. ఏడు కిలోల ఫ్రంట్ లోడ్, స్పిన్‌లో నిమిషానికి వెయ్యి చుట్లు. హైదరాబాదు నిజాంపేటలో మేముండే అపార్ట్‌మెంటుకి బోరు నీళ్లే ఆధారం, ఎండాకాలం వస్తే ట్యాంకర్లు. ఆ నీళ్లతోనే ఎనిమిదేళ్లు నడిచింది. మధ్యలో ఒకసారి డోర్ రబ్బరు, ఒకసారి నీళ్లు వదిలే పంపు మార్చాం. అంతకుమించి దాని జోలికి మేము వెళ్లలేదు, మా జోలికి అది రాలేదు.

2025 ఆగస్టులో శబ్దం మొదలైంది. వెట్ గ్రైండర్‌లో పప్పు పోసి నీళ్లు పోయడం మర్చిపోతే వస్తుందే, ఆ గరగర. బట్టలు తిరిగేటప్పుడు అంతగా తెలిసేది కాదు. చివర్లో స్పిన్‌కి వచ్చాక పెరిగిపెరిగి వంటింట్లో మాట వినపడకుండా చేసేది. వినాయక చవితి దాటేసరికి దానికి తోడు ఒక దడదడ, ఒక టకటక కూడా వచ్చి చేరాయి. కింద ఫ్లాట్ ఆంటీ ఒక రోజు పైకి వచ్చి, "మీరు బట్టలేస్తే మా గోడ మీద దేవుడి పటం ఊగుతోందమ్మా" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. మావారిది కొత్తది కొనేద్దాం పార్టీ. అత్తయ్యది, "ఆ డబ్బులు పెట్టి పనిమనిషిని పెట్టుకోండర్రా, చేత్తో ఉతికితేనే మురికి పోయేది" పార్టీ. నాది ఏ పార్టీయో నాకే తెలీదు. అసలు ఏం పాడైందో తెలీకుండా బాగు చేయించాలా, మార్చేయాలా అని వాదించుకోవడం ఏమిటి అని మాత్రం అనిపించేది.

ఒక ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. ముందు ప్లగ్గు తీసి పక్కన పెట్టాను. కింద మూలన చిన్న తలుపు తీస్తే ఫిల్టరు ఉంటుంది కదా, దాని కింద అన్నం పళ్లెం పెట్టి తిప్పాను. మురికి నీళ్లతో పాటు ఒక రెండు రూపాయల బిళ్ల, పిన్నీసు, మా అబ్బాయి చొక్కా గుండీ, తెల్లగా గట్టిపడిన సబ్బు పెచ్చు బయటపడ్డాయి. మళ్లీ వేసి చూస్తే టకటక పోయింది. అది నీళ్లు బయటికి పోయేటప్పుడే వచ్చేదని అప్పుడు గానీ తట్టలేదు. బిళ్ల పంపు దగ్గర కొట్టుకుంటూ ఉండేదన్నమాట.

తర్వాత దడదడ. మెషిన్ కింద చక్రాల స్టాండు ఉంది. ఊడవడానికి వీలుగా ఉంటుందని రెండేళ్ల క్రితం మేమే కొన్నాం. దాని ఒక చక్రం లాక్ పట్టడం లేదు. మావారూ అబ్బాయీ కలిసి మెషిన్‌ని స్టాండు మీంచి దించి నేల మీద నిలబెట్టారు. పైన పళ్లెంలో నీళ్లు పోసి పెట్టి, నీళ్లు ఒక పక్కకి చేరకుండా నాలుగు కాళ్లూ తిప్పుతూ సరిచేశాం. కిందింటి దేవుడి పటం సమస్య అక్కడితో చాలా వరకు తీరిపోయింది. రూపాయి ఖర్చు లేదు.

గరగర మాత్రం పోలేదు. ప్లగ్గు తీసేసి, తలుపు తెరిచి, ఖాళీ డ్రమ్ముని చేత్తో తిప్పాను. బాగున్న డ్రమ్ము చప్పుడు లేకుండా తిరగాలి. మాది ఇసుకలో తిరుగుతున్నట్టు చేతికే తగిలింది. తర్వాత డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకి లేపి చూశాను. డ్రమ్ము, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ టబ్బు రెండూ కలిసి స్ప్రింగుల మీద ఊగితే ఫర్వాలేదు. డ్రమ్ము ఒక్కటే టక్కుమని పైకి లేచిందంటే బేరింగు (ఇరుసు సాఫీగా తిరగడానికి ఉండే గోళీల రింగు) వదులైనట్టు. మాది లేచింది, బియ్యపు గింజంత. టార్చి పట్టుకుని వెనక్కి వెళ్లి చూస్తే కింద నేల మీద తుప్పు రంగు చుక్కలు. అంటే నీళ్లని ఆపే రబ్బరు సీలు పోయింది, నీళ్లు బేరింగులోకి వెళ్తున్నాయి.

ఇంత తెలుసుకున్నాక కంపెనీ సర్వీసుకి ఫోన్ చేశాను. ఏ కంపెనీ అని అడక్కండి, అన్ని కంపెనీలదీ ఇదే కథ అని తర్వాత మా ఆఫీసులో విన్నాను. వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు. స్క్రూ డ్రైవర్ బ్యాగులోంచి తీయలేదు. ఒకసారి స్పిన్ పెట్టి విని, "టబ్ అసెంబ్లీ పోయింది మేడమ్" అన్నాడు. టబ్బు, డ్రమ్ము, బేరింగులు అన్నీ కలిపి ఒకే స్పేరు పార్టు. లేబరు, పన్నులు కలిపి పదకొండు వేల నాలుగు వందలు. బేరింగు ఒక్కటే మార్చరా అంటే, మా సిస్టమ్‌లో ఆ పార్టు లేదన్నాడు. పదేళ్ల వారంటీ ఉంది కదా అని కార్డు చూపించాను. అది మోటారుకి. మోటారు నిక్షేపంలా ఉంది.

"ఎనిమిదేళ్లయింది కదా మేడమ్, దీని మీద డబ్బులు పెట్టడం దండగ. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అని సలహా చెప్పి, విజిటింగ్ ఛార్జీ తీసుకుని వెళ్లాడు. గంట తిరక్కుండా ఆ కంపెనీ నుంచే ఒకమ్మాయి ఫోన్, కొత్త మెషిన్ మీద ఆఫర్ ఉందని. అప్పుడు పడింది నాకు అనుమానం.

అనుమానం పడ్డాను గానీ, షోరూముకి వెళ్లకుండా ఉండలేదు. దీపావళి సేల్ రోజులు, మావారు పట్టుబట్టారు. కూకట్‌పల్లిలో ఒక పెద్ద షోరూముకి వెళ్లాం. మా సైజు ఫ్రంట్ లోడ్ 28,990. పాతదానికి ఎక్స్ఛేంజ్ పదిహేను వందలు. స్టాండు వేరే, ఎక్స్‌టెండెడ్ వారంటీ వేరే. అన్నీ కలిపితే ముప్పై ఒక్క వేలు దాటుతోంది.

సేల్స్ అబ్బాయి, "జీఎస్టీ తగ్గింది సార్, ఇప్పుడు కొంటేనే లాభం" అన్నాడు. నా బ్యాగులో పాత బిల్లు ఉంది, వారంటీ కోసం వెతికి తీసినది. అందులో 14 శాతం సీజీఎస్టీ, 14 శాతం ఎస్‌జీఎస్టీ అని ఉంది, మొత్తం 28. వాషింగ్ మెషిన్ల మీద అది 18కి దిగింది 2018 జులైలో. 2025 సెప్టెంబరు 22న తగ్గింది ఏసీలకి, పెద్ద టీవీలకి, డిష్‌వాషర్లకి. బిల్లు చూపించి ఇదంతా చెబితే అతను నవ్వేసి, "మీరు సీఏనా మేడమ్?" అన్నాడు. కాదు నాయనా, బ్యాంకులో పని చేస్తాను.

ఇంకోటి, ఫైవ్ స్టార్, కరెంటు ఆదా అన్నాడు. ఈ మెషిన్లలో కరెంటు తినేది ముఖ్యంగా నీళ్లు కాచే హీటరు. మేము దుప్పట్లకి తప్ప వేడి నీళ్లు పెట్టం. చల్లనీళ్లతో ఉతికే ఇంట్లో పాతదానికీ కొత్తదానికీ నెల బిల్లులో ఏం తేడా వస్తుంది? ఆ ఆదాతో ముప్పై వేలు తిరిగి రావాలంటే మా అబ్బాయికి పెళ్లయి పిల్లలు పుట్టాలి.

అయినా ఆ స్లిప్పు తీసుకునే వచ్చాను. నచ్చిన మోడల్, ధర, మర్నాడే డెలివరీ అన్నీ రాసిచ్చాడు. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టాను.

మావారికి ఒక లెక్క ఉంది, చాలామందికి ఉండేదే. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చేయాలి, దాటకపోతే చేయించాలి. ఆ లెక్కన పదకొండు వేల నాలుగు వందలంటే చేయించాలి. కానీ ఆ డబ్బు పెట్టాక ఎన్నేళ్లు నడుస్తుందో ఆ లెక్క చెప్పదు. ఎనిమిదేళ్ల బోర్డు, ఎనిమిదేళ్ల మోటారు మీద పదకొండు వేలు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అదే నాలుగు వేలలో అయితే? రెండేళ్లు నడిచినా గిట్టుబాటే. నా మనసులో నాలుగున్నర వేలు గీత గీసుకున్నాను. దానికి పైన ఒక్క రూపాయి అయినా స్లిప్పు పట్టుకుని షోరూముకే.

మా ఆఫీసు అటెండరు చెబితే ఒక మెకానిక్ దొరికాడు. బాచుపల్లి రోడ్డు పక్క సందులో చిన్న షెడ్డు, బయట ఊడదీసిన మెషిన్లు పేర్చి ఉంటాయి. అరవై దగ్గర్లో వయసు. ఇంటికి వచ్చి నేను చేసినట్టే డ్రమ్ము తిప్పాడు, లేపాడు. ఎంతవుతుందని అడిగితే,

"ఇప్పకుండ ఎట్ల చెప్పాలమ్మా? బేరింగులు పోయినై, అది పక్కా. లోపల స్పైడర్ మంచిగుంటే చేస్త. ఇరిగిందనుకో, పైసలు వెట్టకు, నేనే వద్దంట. ఇప్పిన కూలి ఆరువందలు ఇయ్యి, కొత్తది తెచ్చుకో" అన్నాడు.

ఇన్ని రోజుల్లో నాకు వినపడ్డ మొదటి తిన్నని మాట అది. స్పైడర్ అంటే డ్రమ్ము వెనకాల ఉండే మూడు కాళ్ల అల్యూమినియం ముక్క. డ్రమ్ముని ఇరుసుకి పట్టి ఉంచేది అదే. మిగిలిపోయిన సబ్బు, ఉప్పు నీళ్లు దాన్ని ఏళ్ల తరబడి కొరుక్కు తింటాయి. కాలు విరిగితే డ్రమ్ము స్పిన్‌లో ఒరిగి టబ్బుని చీల్చేయొచ్చు కూడా. బేరింగు వందల్లో వస్తుంది. స్పైడర్ డ్రమ్ముతో కలిపి వస్తుంది కాబట్టి వేలల్లో. విప్పేదాకా అది బయటికి కనపడదు. కాబట్టి చేయించాలా మార్చాలా అన్నదానికి జవాబు షోరూములోనూ లేదు, మావారి లెక్కలోనూ లేదు, టబ్బు లోపల ఉంది.

శనివారం సెలవు చూసుకుని రమ్మన్నాను. బాల్కనీలో పాత దుప్పటి పరిచి మెషిన్ని పడుకోబెట్టాడు. పై మూత, ముందు ప్యానెల్, రబ్బరు, సిమెంటు దిమ్మలు (ఊగకుండా బరువు కోసం పెడతారట, పాతిక కిలోలకి తక్కువ ఉండవనిపించింది), బెల్టు, మోటారు ఒక్కోటీ తీసి వరసగా పెట్టాడు. ఏ స్క్రూ ఎక్కడిదో రాయలేదు, ఫొటో తీయలేదు. నేను తీశాను, నా టెన్షన్ నాది.

టబ్బు బయటికి వచ్చాక తెలిసింది అసలు సంగతి. రెండు సగాల ప్లాస్టిక్ టబ్బుని ఫ్యాక్టరీలోనే కరిగించి అతికేశారు. నట్లు లేవు, బోల్టులు లేవు. బేరింగు మార్చాలంటే టబ్బు కోయాల్సిందే. అందుకే కంపెనీ అబ్బాయి మొత్తం మార్చాలన్నాడు. 2022 చివర్లో కేంద్రం రైట్ టు రిపేర్ (కొన్న వస్తువుని బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, మంచిదే. అతికేసిన టబ్బు దగ్గర మాత్రం ఆ హక్కు హాక్సా బ్లేడుతోనే వస్తుంది.

కోసే ముందు ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. అతుకు చుట్టూ ఉన్న అంచు మీద డ్రిల్లుతో వరసగా చిల్లులు వేశాడు, ఇరవై రెండు. "ముందు కోసి తర్వాత చిల్లులేస్తే రెండు సగాలు కలువయి, నీళ్లు కారుతయి" అన్నాడు. తర్వాత హాక్సాతో అతుకు వెంబడే ముప్పావు గంట కోశాడు. మధ్యలో రెండుసార్లు టీ.

టబ్బు రెండుగా విడిపోయినప్పుడు వచ్చిన వాసన చెప్పను. డ్రమ్ము వెనక వైపంతా తెల్లటి సున్నం, దాని మీద బూడిద రంగు జిడ్డు. స్పైడర్ మూడు కాళ్లూ చెదలు పట్టిన దూలంలా గుంటలు గుంటలుగా ఉన్నాయి. నాకు గుండె జారింది. ఫ్రిజ్ మీద స్లిప్పు గుర్తొచ్చింది. మావారు నావైపు చూసి ఏమీ అనలేదు, ఆ అనకపోవడంలోనే అంతా ఉంది.

మెకానిక్ మాత్రం తొందరపడలేదు. స్క్రూ డ్రైవర్‌తో ఒక్కో కాలునీ గీకాడు. తెల్లటి పొడి రాలింది, రాలాక లోపల మెరిసే లోహం కనపడింది. గుంటల్లోకి స్క్రూ డ్రైవర్ మొన గుచ్చి తిప్పి చూశాడు, దిగలేదు. డ్రమ్ముని చేత్తో ఎత్తి పట్టుకుని, స్పానరుతో మూడు కాళ్ల మీదా కొట్టి విన్నాడు. మొదటిది ఖంగుమంది, రెండోదీ అంతే. మూడోది కొంచెం బొంగురుగా పలికింది. దాని దగ్గర చాలాసేపు ఆగాడు. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మొదలు దగ్గర సన్న పగులు ఏమైనా ఉందా అని వేలిగోరు ఆనించి చూశాడు. లేదు. సున్నం పెచ్చు వల్ల అలా పలికిందట, గీకేశాక అదీ ఖంగుమంది.

"రెండేండ్లు నడుస్తది, మూడు కూడ రావచ్చు. ఐదేండ్లంటే నేను అనను. మరి నీ ఇష్టం."

"ఎంతవుతుంది?"

"నా కూలి రెండువేల ఐదువందలు. బేరింగులు, సీలు మీరే తెచ్చుకోండి, నేను తెస్తె కమీషన్ తిన్న అనుకుంటరు."

గీత లోపలే ఉంది. సరే అన్నాను. మావారు కూడా సరే అన్నారు, కొంచెం నిరాశగానే. కొత్త మెషిన్‌లో ఫోన్ నుంచి నడిపే యాప్ ఉందట పాపం.

బేరింగులు బయటికి తీయడం కూడా చూశాను. ఇనుప కడ్డీ ఆనించి సుత్తితో ఒక్కో పక్కా కొంచెం కొంచెం కొడితే వెనకది ముందు ఊడింది. డ్రమ్ము వైపు ఉండే పెద్దది మాత్రం ముక్కలుగా వచ్చింది. లోపల గోళీలని పట్టి ఉంచే చట్రం ఎప్పుడో విరిగిపోయింది, గోళీలు తుప్పు ముద్దలో కూరుకుపోయి ఉన్నాయి. ఆయిల్ సీల్ రబ్బరు ఎండి చెక్కలా గట్టిపడింది. దారి పొడుగునా జరిగింది అక్కడే చదువుకోవచ్చు: సీలు పోయింది, నీళ్లు దిగాయి, గ్రీజు కొట్టుకుపోయింది, తుప్పు పట్టింది, గరగర.

బేరింగుల మీద నంబర్లు చీటీ రాసిచ్చాడు, 6205, 6206. చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం మిల్లీమీటర్లలో వస్తుందట. అంటే పాతికా, ముప్పై. ఎనిమిదో తరగతి లెక్కలా ఉందని మా అబ్బాయి అప్పటికప్పుడు స్కేలు పెట్టి కొలిచాడు, సరిపోయింది. ఇవి వాషింగ్ మెషిన్‌కే ప్రత్యేకం కాదు, మోటార్లకీ పంపులకీ వాడే మామూలు సైజులు. కంపెనీ సిస్టమ్‌లో లేదన్న పార్టు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ప్రతి బేరింగ్ షాపులోనూ ఉంటుంది.

మావారు మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లి అక్కణ్నుంచి ఆటోలో రాణిగంజ్ వెళ్లారు. డూప్లికేట్లు ఎక్కువని మెకానిక్ ముందే హెచ్చరించాడు. "బిల్లు ఇస్తవా అని అడుగుండ్రి, ఇయ్యనంటే పక్క దుకాణం." మొదటి షాపు బిల్లివ్వనంది. రెండో షాపులో 6205 రెండు వందల ఎనభై, 6206 మూడు వందల తొంభై, జీఎస్టీ బిల్లుతో. సీలుకి పాతది తీసుకెళ్లి చూపించి అదే కొలత తెచ్చారు, మూడు వందల యాభై.

బిగించడానికి మరో మూడు గంటలు. పాత సీలు రుద్దుకున్న చోట ఇరుసు మీద ఇత్తడి గొట్టం ఉంటుంది, దాన్ని సన్న ఉప్పుకాగితంతో నునుపు చేసి, సీలు పెదవికి గ్రీజు రాసి ఎక్కించాడు. టబ్బు సగాల మధ్య సిలికాన్ పూసి ఇరవై రెండు చిల్లుల్లోనూ స్క్రూలు, నట్లు. సిలికాన్ ఆరడానికి రాత్రంతా వదిలేశాం. సిలికాన్, స్క్రూలకి నూట ఎనభై. మొత్తం మూడు వేల ఏడు వందలు అయింది.

మర్నాడు పొద్దున మెషిన్ కింద ఈనాడు పేపర్లు పరిచి ఖాళీగా వేశాం. నీళ్లు నిండేటప్పుడు ముందు వైపు ఒక చుక్క పడింది, ఇంకోటి పడింది. మెకానిక్ పడుకుని రెండు స్క్రూలు బిగిస్తే ఆగింది. స్పిన్ మొదలయ్యేసరికి అందరం బాల్కనీలో గుమిగూడాం, అత్తయ్యతో సహా. వేగం పెరిగింది. గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. అత్తయ్య నమ్మలేక, "తిరుగుతోందా అసలు?" అని వంగి అద్దంలోకి చూశారు.

వెళ్లేముందు ఆయన సబ్బు పొడి డబ్బా తీసి లోపల స్పూను చూసి తల అడ్డంగా ఊపాడు. బోరు నీళ్లకి నురగ రావడం లేదని నేను ప్రతిసారీ ఒక స్పూను ఎక్కువ వేసేదాన్ని. ఆ జిడ్డంతా ఎక్కడికి చేరిందో చూశాను కదా. ఇప్పుడు లిక్విడ్ సగం మూత, చివర్లో ఒక జాడింపు అదనం, ఉతికాక తలుపు తెరిచి ఉంచడం. దుప్పట్లు రెండు కలిపి వేయడం మానేశాను. అత్తయ్య వేస్తున్నారేమో నేను ఆఫీసుకెళ్లాక, అడగలేదు.

చక్రాల స్టాండుని కింద ఆంటీకి ఇచ్చేద్దామనుకుని ఆగాను, మరీ బాగుండదని. పాత చిన్న బేరింగు మా అబ్బాయి టేబుల్ మీద పేపర్ వెయిట్ అయింది. మెషిన్ వెనక మార్కర్‌తో తేదీ, రెండు బేరింగు నంబర్లు, సీలు కొలత రాసి పెట్టాను.

షోరూము స్లిప్పు మాత్రం ఫ్రిజ్ మీంచి తీయలేదు. రెండేళ్లన్నాడుగా. మావారు నీళ్ల బాటిల్ కోసం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా దాన్ని ఒకసారి సరిగ్గా అతికించి వెళ్తుంటారు.